చేపలకు బదిలీ ఉండదు

మేం నాగపూర్‌లో ఈ క్వార్టర్‌లోకి దిగిన రోజు పెరట్లో ఏడు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. వాటి సంగతి మాకెవరూ చెప్పలేదు. నాన్న సంతకం పెట్టిన కాగితంలో ఫ్యాన్లు నాలుగు, ట్యూబ్‌లైట్లు ఐదు, వంటింటి సింకు ఒకటి అని రాసి ఉంది. కరెంటు మీటరు రీడింగు ఉంది. వెనక తలుపు గడియ విరిగిందన్న మాట కూడా ఉంది. చేపలు మాత్రం లేవు.

మేమంటే అక్కా తమ్ముళ్లం. ఒకరం తొమ్మిది, ఒకరం ఆరు. ఇది మాకు నాలుగో ఊరు. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఇలాంటి లెక్కే ఉంటుంది కాబట్టి ఎక్కువ వివరించక్కర్లేదు. ట్రంకు పెట్టెలు, టీసీ, గ్యాస్ కనెక్షన్ సరెండరు, కొత్త బడిలో మొదటి రోజు ఏ బెంచీలో కూర్చోవాలన్న బెంగ మీకూ తెలిసినవే.

పెరటి గోడ పక్కన ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు సిమెంటు తొట్టి ఉంది. మొక్కలకు నీళ్లు పట్టుకోవడానికి ఎప్పుడో కట్టినది. వీడియో కాల్‌లో చూసి తాతయ్య "కుడితి గోలెంలా ఉందే" అన్నారు. నీళ్లు పచ్చగా ఉన్నాయి. గోడలకు నాచు పట్టి ఉంది. వంగి చూస్తే ఆ పచ్చదనంలోంచి ఒక్కో చేపా నారింజ రంగులో పైకి వచ్చి మళ్లీ కనబడకుండా పోయేది.

ఆ ఆదివారమే మేం దాన్ని కడిగాం. చేపల్ని బకెట్లోకి తీశాం. నీళ్లన్నీ తోడి పారబోశాం. గోడలకు బ్లీచింగ్ పౌడరు చల్లి, చీపురుతో, ఇటుక ముక్కతో రుద్దాం. లోపలి గోడ మీద ఎర్ర పెయింటు గీత ఒకటి ఉంటే, ఎవరో పిల్లలు గీసిన పిచ్చి గీతనుకుని అది కూడా గీకేశాం. సాయంత్రం కుళాయి నీళ్లు అంచుదాకా నింపి చేపల్ని వదిలాం. అడుగు దాకా కనబడుతుంటే ఫోటో తీసి బంధువులందరికీ పంపాం. అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు పొద్దున రెండు చచ్చి తేలాయి. బుధవారానికి నాలుగయ్యాయి.

కాంపౌండు గోడకు అవతల సొంతింట్లో ఒక మరాఠీ కాకూ ఉంటారు. మేం చచ్చిన చేపల్ని జామచెట్టు కింద పాతిపెడుతుంటే గోడ మీంచి చూసి, "నీళ్లు మొత్తం తీసేశారా?" అని హిందీలో అడిగారు. తర్వాత ఎర్ర గీత గురించి చెప్పారు. మాకన్నా ముందు ఆ ఇంట్లో ఉన్న అబ్బాయి గీసిన గీత అట. నీళ్లు మార్చేటప్పుడు గీత దాకానే తోడాలి, అంతకన్నా కిందికి పోకూడదు. తొట్టిలో నాలుగో వంతు అన్నమాట. మూడేళ్లు ఆ లెక్కన ఏడు చేపల్ని కాపాడుకొచ్చాడు. ఆ లెక్కని మేం గంటసేపట్లో ఇటుక ముక్కతో గీకి పడేశాం.

ఆ అబ్బాయి మీద మాకు కోపం వచ్చిన మాట నిజం. ఒక్క కాగితం ముక్క రాసి పెట్టి ఉండొచ్చు కదా అనుకున్నాం. కానీ అంతకుముందు ఊళ్లో మేం వదిలేసి వచ్చిన పిల్లికీ, ఆ పిల్లికి పాలు ఎవరు పోయాలో కూడా చెప్పకుండా వచ్చేసిన మాకూ కోపం తెచ్చుకునే హక్కు పెద్దగా లేదు.

ఇంతకీ మా అభిప్రాయం ఇది. క్వార్టర్ పెరట్లో చేపలుంటే అవి ఆ ఇంటివి. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు వాటిని ఛార్జి ఇచ్చి వెళ్లాలి. నాన్న ఆఫీసులో ఛార్జి రిపోర్టు మీద వెళ్లే ఆఫీసరూ వచ్చే ఆఫీసరూ ఇద్దరూ సంతకం పెడతారు. బీరువా తాళాలకు ఉన్న పాటి మర్యాద ప్రాణాలకు ఉండకపోవడం మాకు నచ్చలేదు.

"మూడేళ్లకోసారి ఊరు మారేవాళ్లకు చేపలెందుకు?" అని మీ ఇళ్లలో అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. గోల్డ్‌ఫిష్ గాజు బుడ్డీలో నాలుగు నెలలు తిరిగి చచ్చిపోయే చేప అని చాలామంది అనుకుంటారు. నిజానికి బాగా చూసుకుంటే పది, పదిహేను, ఇరవై ఏళ్లు కూడా బతుకుతుంది. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమతిగా గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, అంటే 43 ఏళ్లు బతికింది. మామూలు రకం గోల్డ్‌ఫిష్ మంచి తొట్టిలో జానెడు పొడవును దాటి పెరుగుతుంది. బుడ్డీలో పెరగకుండా చిన్నగా ఉంటోందంటే దానికి అక్కడ బాగుందని కాదు. ఇక లెక్క వేయండి. ఇరవై ఏళ్ల చేప, మూడేళ్ల పోస్టింగు. ఒక్క చేప ఆరేడు కుటుంబాలను చూస్తుంది. ఏ కుటుంబమూ దాన్ని చివరిదాకా చూడలేదు. పెరట్లో మామిడిచెట్టూ అంతే కదా! ఎవరు నాటారో మనకు తెలియదు, కాయలు మనం తింటాం. చెట్టుకు మూడు రోజులు నీళ్లు పోయకపోయినా ఊరుకుంటుంది, చేప ఊరుకోదు. తేడా అంతే.

వెంట తీసుకుపోవచ్చు కదా అని కూడా కొందరు అడుగుతారు. దగ్గర ఊరైతే, ఒక రోజు మేత ఆపి, ఆక్సిజన్ నింపిన సంచిలో తీసుకెళ్లొచ్చు. మే నెలలో నాగపూర్ నుంచి అస్సాం దాకా స్లీపర్ బోగీలో రెండు రోజులంటే ఆ చేపల్ని చంపడానికి తీసుకెళ్లినట్టే.

మిగిలిన మూడు చేపల్ని బతికించుకోవడానికి మేం పడ్డ పాట్లలోంచి కొన్ని సంగతులు చెబుతాం. చేపల సంగతి కన్నా ఇవి నీళ్ల సంగతులు. చేపల్ని పెంచడం అంటే సగానికి పైగా నీళ్లను పెంచడమే అని మాకు ఆలస్యంగా అర్థమైంది.

ముందు ఆ నాలుగు ఎందుకు చచ్చాయో చూద్దాం. చేప మొప్పల ద్వారా అమ్మోనియాను నీళ్లలోకి వదులుతుంది. తినకుండా మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియానే. అది విషం. తొట్టి గోడల మీద, అడుగున, ఫిల్టరు స్పాంజిలో ఉండే బాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటూ విషమే. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. అది అంత హాని చేయదు, నాచూ మొక్కలూ దాన్ని వాడుకుంటాయి. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేం మురికి అనుకుని బ్లీచింగ్ పౌడరుతో తోమేసింది ఆ బాక్టీరియానే. పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. మనకు మంచిదే, చేప మొప్పలను మాత్రం కాల్చేస్తుంది. ఎండకు వెచ్చబడ్డ పాత నీళ్లలోంచి ఒక్కసారిగా కొత్త నీళ్లలో పడటం వేరే దెబ్బ. ఒక్క సాయంత్రంలో మూడు దెబ్బలు కొట్టాం. మిగిలిన మూడు ఎలా బతికాయో మాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి నాలుగో వంతు నీళ్లే మారుస్తాం. కుళాయి నీళ్లను డ్రమ్ములో పట్టి, మూత తీసి ఒక రోజంతా ఉంచుతాం. అలా ఉంచితే క్లోరిన్ పోతుంది. కొన్ని ఊళ్లలో నీళ్లలో క్లోరమిన్ కలుపుతారు, అది అంత తేలిగ్గా పోదు. అలాంటి చోట చేపల దుకాణంలో దొరికే యాంటీక్లోరిన్ చుక్కలు వాడాలి. కొత్త ఊరు వెళ్లగానే అక్కడి నీళ్లు ఎలాంటివో కాలనీలో అడిగి తెలుసుకోవడం మంచిది. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగం. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండుతాం. ఆ పాత నీళ్లు వంగ మొక్కలకు పోస్తాం. కాయలు ఎలా కాశాయో అమ్మనడగండి.

నీళ్లు లేత పచ్చగా ఉంటే కంగారు పడకూడదన్నది మాకు అన్నిటికన్నా కష్టంగా వంటబట్టిన పాఠం. మనకు శుభ్రం అంటే తెల్లగా మెరవడం. చేపకు అది కాదు. మరీ చిక్కటి ఆకుపచ్చగా మారితే ఎండ ఎక్కువైందనో మేత ఎక్కువైందనో అర్థం. తొట్టి సగం మీద గ్రీన్ నెట్ కట్టి, కుండీలో కలువ ఒకటి పెట్టాక మా నీళ్లు చాలా మారాయి. గుర్రపుడెక్క మాత్రం తేకండి. అందంగా పూస్తుంది, ఆ తర్వాత చేపలకు చోటు మిగల్చదు.

మేత విషయంలో పోట్లాటలు అయ్యాయి. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమూ తొట్టి దగ్గరికి వెళ్లి మరమరాలో రొట్టె ముక్కలో వేస్తారు. గుడి కోనేట్లో వేసిన అలవాటు. గోల్డ్‌ఫిష్‌కు మనలాగా కడుపు సంచి ఉండదు, తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అందుకే ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే నోరు తెరుస్తుంది. దాని మొహం చూసి జాలిపడితే నీళ్లు పాడవుతాయి. రెండు నిమిషాల్లో ఖాళీ చేసేంత మేత, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు. వారానికోసారి ఉడికించి తొక్క తీసిన బఠాణీ పెడతాం. షిల్లాంగ్, సిమ్లా లాంటి చోట్ల ఉన్నవాళ్లకు ఇంకో మాట. నీళ్లు పది డిగ్రీల దగ్గరకు చల్లబడితే గోల్డ్‌ఫిష్ దాదాపు మేత మానేస్తుంది. అప్పుడు బలవంతంగా వేసిందంతా అడుగున కుళ్లుతుంది.

నాగపూర్ వేసవి గురించి విన్నవాళ్లు "ఎండకు చేపలు ఉడికిపోవా?" అంటారు. ఇక్కడ మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. నీడ ఉన్నా మా తొట్టి నీళ్లు మధ్యాహ్నం 33 డిగ్రీలు చూపించాయి. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేపే, కానీ అది తట్టుకుంటుంది. అసలు చిక్కు వేడితో తగ్గే ఆక్సిజన్‌తో. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే.

ఈ సంగతి మాకు పుస్తకం కన్నా ముందు మావయ్య చెప్పారు. మావయ్యకు కొల్లేరు పక్కన, కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె పెంచుతారు. గోల్డ్‌ఫిష్ కూడా వాటి చుట్టమే, కార్ప్ కుటుంబం. మా ఏడు చేపల కథ విని మొదట నవ్వారు. తర్వాత, "ఎండ సంగతి సరేరా, మబ్బు పట్టిన రోజు చూసుకోండి. ఆ రోజు తెల్లారుగట్ల నాలుగింటికి లేవండి. పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే గాలి చాలట్లేదని" అన్నారు.

ఎందుకంటే పగలు ఎండలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు, చేపలతోపాటు ఆక్సిజన్ వాడుకుంటుంది. మబ్బు పట్టిన రోజు పగలు తయారయ్యేదే తక్కువ, రాత్రి ఖర్చు మాత్రం మామూలే. తెల్లవారుజాముకు ఖజానా ఖాళీ. అందుకే మావయ్య వాళ్ల దగ్గర రాత్రుళ్లు చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుంటాయి, కరెంటు పోతే జనరేటర్ల కోసం పరుగులు పెడతారు. మా తొట్టికి అంత హంగు లేదు. చిన్న గాలి పంపు ఒకటి. జూన్‌లో మొదటి మబ్బు రోజు రాత్రి కరెంటు పోయింది. నాలుగింటికి టార్చి పట్టుకుని వెళ్తే మూడూ పైనే ఉన్నాయి, నోళ్లు చప్పరిస్తున్నాయి. మగ్గుతో నీళ్లు తీసి ఎత్తునుంచి పోస్తూ కూర్చున్నాం, వంతులేసుకుని, ఆరున్నర దాకా. ఆ రోజు యూనిట్ టెస్టు. సోషల్‌లో మార్కులు ఎన్ని వచ్చాయో ఇక్కడ రాయం.

తర్వాత రెండు చేపల్ని కొన్నాం. ఈసారి తొందరపడలేదు. దుకాణం నుంచి తెచ్చిన వాటిని నేరుగా తొట్టిలో వేయకుండా నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులో మూడు వారాలు విడిగా ఉంచాం. ఐదో రోజు ఒకదాని ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు వచ్చాయి. అది పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు, ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుంటుంది. అయొడిన్ లేని కల్లుప్పు లీటరుకు రెండు గ్రాముల లెక్కన, అంటే టబ్బుకు 80 గ్రాములు, కరిగించి కొద్దికొద్దిగా పోశాం. రోజూ కొంత నీళ్లు మార్చి, మార్చిన నీళ్లకు సరిపడా ఉప్పే కలిపాం. తగ్గింది. నేరుగా తొట్టిలో వేసి ఉంటే అన్నిటికీ అంటుకునేది. కలువ ఉన్న తొట్టిలో ఉప్పు పోయడానికీ వీలుండదు, మొక్క చచ్చిపోతుంది.

పిల్లుల కోసం, లకుముకిపిట్ట కోసం, ముఖ్యంగా కాలనీ చిన్నపిల్లల కోసం తొట్టి మీద వల ఉండాలి. లోపల రెండు మట్టి గొట్టాలు వేస్తే చేపలు దాక్కుంటాయి. దోమల తనిఖీకి మున్సిపాలిటీ వాళ్లు వచ్చినప్పుడు తొట్టిలో టార్చి వేసి చూసి, ఒక్క దోమ పిల్ల కూడా కనబడక వెళ్లిపోయారు. గోల్డ్‌ఫిష్ వాటిని ఇష్టంగా తింటుంది. వాళ్లు మూత తీసి ఉంచిన మా కూలర్ వైపు మాత్రం చాలాసేపు చూశారు.

ఇక మేం ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం. పోయిన ఏప్రిల్‌లో మా కాలనీలో ఒక కుటుంబానికి బదిలీ అయింది. వాళ్ల పిల్లలు మా స్నేహితులే, పేర్లు రాయం. వెళ్లే ముందు రోజు సాయంత్రం నాలుగు గోల్డ్‌ఫిష్‌లనూ, ఒక నల్లటి సక్కర్ చేపనూ సంచిలో పోసుకుని ఫుటాలా చెరువుకు వెళ్లి వదిలేశారు. "పాపం, స్వేచ్ఛగా బతుకుతాయి" అన్నారు. పెద్దవాళ్లు పుణ్యం అన్నారు. మేమూ అప్పుడు అక్కడే ఉన్నాం, చప్పట్లు కొట్టాం. తర్వాత చదివాక ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవాలనిపించింది.

గోల్డ్‌ఫిష్ అడవి చేప కాదు. చైనాలో వెయ్యేళ్లకు పైగా మనుషులు ఏరి ఏరి పెంచి ఆ రంగు తెప్పించారు. చెరువులో ఆ రంగే దానికి శత్రువు, కొంగకు దూరం నుంచే కనబడుతుంది. చాలావరకు కొద్ది రోజుల్లోనే అయిపోతాయి. బతికినవి ఇంకా పెద్ద చిక్కు. అడుగు మట్టిని తవ్వుకుంటూ మేస్తాయి, నీళ్లు బురదవుతాయి, నీటి మొక్కలు పైకి లేచిపోతాయి, అక్కడి చేపలకు తిండి తగ్గుతుంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం బర్న్స్‌విల్‌లో 2021లో కెల్లర్ సరస్సులోంచి బంతుల్లా పెరిగిన గోల్డ్‌ఫిష్‌లు దొరికాయి. పెంపుడు చేపల్ని చెరువుల్లో వదలకండని ఆ ఊరి అధికారులు ఫోటోలు పెట్టి మరీ బతిమాలారు. ఆస్ట్రేలియాలో వాస్సే నదిలోనూ ఇదే కథ, అక్కడ దాదాపు రెండు కిలోల గోల్డ్‌ఫిష్‌లు పట్టుబడ్డాయి.

అంత దూరం పోనక్కర్లేదు. ఆ సంచిలో ఉన్న సక్కర్ చేప సంగతి మన ఆంధ్ర జాలర్లనడగండి. అద్దాలకు పట్టిన నాచు తింటుందని ఎక్వేరియంలో పెట్టుకునే దక్షిణ అమెరికా చేప అది. చెరువుల్లోకి చేరి పెరిగింది. ఒంటి మీద గట్టి పెచ్చులు, ముళ్లు. వలలో పడితే వల చిరుగుతుంది, తినేవాళ్లు ఉండరు, అమ్ముడుపోదు. దానికి మనవాళ్లు దెయ్యం చేప అని పేరు పెట్టారు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పుణ్యానికే వదిలి ఉంటారు.

వినాయక నిమజ్జనానికి నాగపూర్‌లో కృత్రిమ తొట్లు పెడతారు, విగ్రహాల రంగులూ ప్లాస్టరూ చెరువుల్లో కలవకూడదని. మా కాలనీ వాళ్లం బుద్ధిగా ఆ తొట్ల దగ్గరికే వెళ్తాం. ఏడు నెలలు తిరిగేసరికి అదే కాలనీ నుంచి అదే చెరువులోకి సంచుల్లో చేపలు. ఈ రెండూ ఒకే మనుషులు చేయడం మాకు వింతగా ఉంది.

వదిలేయకపోతే ఏం చేయాలి? మొదటిది, చేపల్ని కొనే ముందే తర్వాత ఎవరు చూస్తారో అనుకోవాలి. ఎవరూ లేకపోతే కొనకూడదు. ఇది మేం కొంచెం కఠినంగానే చెబుతున్నాం. పుట్టినరోజుకు గాజు బుడ్డీలో చేపను బహుమతిగా ఇవ్వడం మానేయాలి, ఆ డబ్బుతో కలువ దుంప ఇవ్వొచ్చు. రెండోది, ఇప్పటికే ఉన్నవాళ్లు బదిలీ సీజనుకు ముందే, అంటే ఫిబ్రవరిలోనే, కాలనీలో ఎవరు తీసుకుంటారో అడిగి పెట్టుకోవాలి. చేపల దుకాణాల వాళ్లు కొందరు ఆరోగ్యంగా ఉన్న చేపల్ని వెనక్కి తీసుకుంటారు. మూడోది మన బడికి. ఎకో క్లబ్బు నోటీసు బోర్డు మీద ఒక కాగితం చాలు: ఫలానా క్వార్టర్‌లో తొట్టి ఉంది, ఇన్ని చేపలున్నాయి, ఫలానా నెలలో ఖాళీ చేస్తున్నారు. మేం ఈ మాట ఒక మాస్టారితో అన్నాం. "మంచి ఆలోచనే, ముందు మీరు రాసి తీసుకురండి" అన్నారు. ఆ రాయడమే ఇది.

చేపల జ్ఞాపకశక్తి మూడు క్షణాలే అని ఒక మాట ప్రచారంలో ఉంది. అబద్ధం. నేర్పిన సంగతిని గోల్డ్‌ఫిష్‌లు నెలల తరబడి గుర్తుపెట్టుకుంటాయని ప్రయోగాల్లో తేలింది. మా తొట్టి దగ్గర కూడా చూశాం. మేతడబ్బా మూత చప్పుడుకు పైకి వస్తాయి, అమ్మ బట్టలు ఆరేయడానికి వస్తే రావు. కొత్తవాళ్లు వచ్చినప్పుడు ఆ డబ్బా చప్పుడు కూడా వాళ్లకు అప్పగించాల్సిందే.

అందుకని ఒక నోట్‌బుక్ రాశాం. రెండు వందల పేజీలది, పాత లెక్కల పుస్తకం, వెనక సగం ఖాళీగా ఉన్నది. మొదటి పేజీలో తొట్టి కొలతలు, అందులో పట్టే నీళ్లు, దాదాపు 1,700 లీటర్లు. తర్వాత ఒక్కో చేపకు ఒక్కో పేజీ, ఎలా గుర్తుపట్టాలో. ఒకదానికి తోక చివర తెలుపు, ఒకదానికి ఎడమ కన్ను దగ్గర నల్ల మచ్చ. పోయిన మార్చిలో నాలుగు పిల్లలు కనబడ్డాయి. నల్లగా ఉంటే ఏవో వేరే చేపలనుకున్నాం. గోల్డ్‌ఫిష్ పిల్లలు మొదట అలాగే ముదురు రంగులో ఉండి, నెలలు గడిచాక నారింజలోకి తిరుగుతాయట. మూడు తిరిగాయి. ఒకటి ఇంకా నల్లగానే ఉంది, దాని పేజీలో "మారకపోయినా పర్లేదు" అని తమ్ముడు రాశాడు. నీళ్లు మార్చిన తేదీలు, కరెంటు పోయిన రాత్రులు, జబ్బు, ఉప్పు లెక్క అన్నీ ఉన్నాయి. చచ్చిన నాలుగింటికీ ఒక పేజీ ఉంది. అందులో మేం చేసిందంతా ఉన్నదున్నట్టు రాశాం. ఆ పేజీ చింపేద్దామని ఒకసారి అనుకున్నాం, కానీ తర్వాత వచ్చేవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చే పేజీ అదేనేమో అని ఉంచేశాం.

ఏ భాషలో రాయాలన్నది పెద్ద చర్చ అయింది. వచ్చేవాళ్లు ఏ రాష్ట్రం వాళ్లో తెలియదు. చివరికి హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి రాసి, బొమ్మలు వేశాం. తెలుగులో ఒక్క పేజీ ఉంది, మనవాళ్లెవరైనా వస్తే చూసుకుంటారని. గోడ మీద ఎర్ర గీత మళ్లీ గీశాం. ఈసారి దాని పక్కన తొట్టి బయటి గోడ మీద బాణం గుర్తు వేసి, "ఇంతకన్నా కిందికి తోడొద్దు" అని మూడు భాషల్లో రాశాం. కాకూ గోడ మీంచి చూసి మరాఠీ లేదేమని అడిగారు. మర్నాడు ఆవిడే వచ్చి రాశారు.

నాన్నకు ఆర్డరు ఇంకా రాలేదు. ఈ ఏడాది వస్తుందంటున్నారు. జోధ్‌పూర్ అని ఒకరు, జోర్హాట్ అని ఒకరు. నోట్‌బుక్‌ను ప్లాస్టిక్ కవరులో పెట్టి కరెంటు మీటరు పక్కన మేకుకు వేలాడదీశాం. ఇల్లు అప్పగించే రోజు మీటరు రీడింగు చూడటానికి ఎవరో ఒకరు అక్కడికి రాక తప్పదు.